ఒక నిమిషం నలభై ఎనిమిది సెకన్లు

"పెద్దాయన లేరాండీ?"

ఆ మాట ఆమె రోజుకి నాలుగుసార్లు వింటుంది. తండ్రి చేతులు వణకడం మొదలై రెండేళ్ళయింది. అప్పట్నుంచీ వాచీల షాపులో రిపేరు బల్ల ఆమెది, కౌంటరు ఆయనది. అయినా వచ్చిన ప్రతివాడూ ఆమె తల మీదుగా లోపలికి తొంగిచూసి ఇదే అడుగుతాడు. కంటికి భూతద్దం పెట్టుకుని, చేతిలో పట్టకారుతో ఒక మనిషి ఎదురుగా కూర్చుని ఉంటే, ఆ మనిషి అక్కడ స్వెట్టరు అల్లుకుంటోందనుకుంటారు కాబోలు.

"పెద్దాయన భోజనానికి వెళ్ళారు. చిన్నావిడ ఉంది. పనికొస్తుందా?" అంది తల ఎత్తకుండా.

"అంటే... ఇది కొంచెం డెలికేట్ పనండీ."

"అలాగా! అయితే ఉండండి, సుత్తి లోపల పెట్టేసి వస్తాను."

 అవతల పకపకా నవ్వు వినపడింది. అప్పుడు తల ఎత్తి చూసింది. లిఫ్టుల కంపెనీ వాళ్ళ బూడిదరంగు చొక్కా, జేబులో స్క్రూడ్రైవరు, మణికట్టు మీద గ్రీజు మరక. ఆ మరక అంటకుండా ఒక చెక్కపెట్టెని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.

పెట్టెలో ఒక పాతకాలపు స్టాప్‌వాచ్ ఉంది. దానికి పెద్ద ముళ్ళు రెండు, ఒకదాని మీద ఒకటి.

"ఇది కారు పందేల్లో వాడేవారండీ. రెండు కార్లు పక్కపక్కనే వచ్చాయనుకోండి, మొదటి కారు దాటగానే ఒక ముల్లు ఆగిపోతుంది, రెండోది నడుస్తూనే..."

"నడవట్లేదు. రెండూ అతుక్కుపోయాయి. లోపల చిన్న స్ప్రింగు విరిగింది."

అతను నోరు తెరిచాడు. "మూత తియ్యకుండానే చెప్పేశారే!"

"మీరు లిఫ్టు ఎక్కగానే దాని రోగం చెప్పరూ? ఇదీ అంతే. శనివారం రండి."

అతను ఆ పెట్టెని బల్ల మీద పెట్టి, మళ్ళీ కొంచెం జరిపి, ఇంకొంచెం జరిపి, చివరికి ఎలాగో వదిలిపెట్టి వెళ్ళాడు. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి చూశాడు. పెట్టెనే చూశాడని ఆమె అనుకుంది.

శనివారం వచ్చాడు. ముళ్ళు రెండూ విడివిడిగా పరుగెత్తడం చూసి మురిసిపోయి, జేబులోంచి ఇంకోటి తీశాడు. ఆ పై శనివారం మరోటి. నెల తిరిగేసరికి తండ్రి అతనికి 'సెకన్ల అబ్బాయి' అని పేరు పెట్టేశాడు. కారు పందేల తొలిరోజుల్లో టైము తీసిన పరికరాలు ఎక్కడ దొరికినా పోగుచేసుకోవడం అతని పిచ్చి. ఈ ఊరి బయట పాడుబడ్డ విమానాల రన్‌వే మీద అరవై ఏళ్ళ కిందట మొదటిసారి కారు పందేలు పెట్టారట. అప్పటి పరికరాలు కొన్ని, అంతకంటే పాతవి కొన్ని, ఇప్పటికి నలభై ఒకటి అయ్యాయట.

"ఆ రోజుల కార్ల మీద లేదా పిచ్చి?" అనడిగింది ఒకసారి.

"కార్లని అందరూ చూస్తారండీ. కారు దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయాక, కళ్ళు నులుముకుంటూ దాని టైము రాసుకునేవాళ్ళు ఉంటారే, వాళ్ళని ఎవరు చూస్తారు? నాకు వాళ్ళంటే ఇష్టం."

ఆమె బల్ల మీదకి వంగింది. భూతద్దం కంటికి ఉండటం మంచిదే అయింది. రోజంతా ఎవరూ చూడని పని చేసుకునే మనిషికి ఆ మాట ఎక్కడో తగిలింది.

ఒక వానరోజు అతను మూడడుగుల పెట్టె ఒకటి ప్లాస్టిక్ కాగితంలో చుట్టి మోసుకొచ్చాడు. రోడ్డుకి అడ్డంగా దారం కట్టేవారట. కారు వచ్చి దారాన్ని తెంపగానే పెట్టెలో ఒక పుల్ల పడి, కాగితం రిబ్బను మీద టైము అచ్చు గుద్దుతుందట. చెప్తే సరిపోదు, చూపించి తీరాలన్నాడు. వానకి గిరాకీ కూడా లేదు. ఆమె కుట్టుదారం తెచ్చి ఇచ్చింది. అతను దాన్ని షాపు గుమ్మానికి మోకాలి ఎత్తులో అడ్డంగా కట్టాడు.

"ఇప్పుడు మీరు ఆ చివర్నుంచి పరుగెత్తుకు రండి. మీరే కారు."

"కారు లేదు, ఏమీ లేదు. కాలు జారి పడితే ఎవరికి చెప్పుకోను?"

"పట్టుకోడానికి నేను లేనా?"

అని అతను అన్న క్షణానికి సరిగ్గా, తడిసిన గొడుగుతో తండ్రి గుమ్మంలోకి అడుగు పెట్టాడు. దారం ఫట్‌మని తెగింది. పెట్టె ఠంగున మోగి కాగితం కక్కింది. ఆయన ఉలిక్కిపడి గొడుగు వదిలేశాడు. గాలికి అది వెళ్ళి ఎదురు షాపు వాడి మెట్ల మీద కూర్చుంది.

"ఏమిట్రా ఇది, ఉచ్చు పన్నారు!"

"ఉచ్చు కాదండీ. మీరు మూడు గంటల పన్నెండు నిమిషాల ఏడు సెకన్లకి లోపలికి వచ్చారు. అచ్చు కూడా పడింది." అతను కాగితం చించి రెండు చేతులతో ఆయనకి అందించాడు.

ఆయన కాగితాన్ని చూశాడు. తర్వాత చేతి నిండా దారం చుట్టుకుని నవ్వాపుకోలేక బల్లమీద వాలిపోయిన కూతుర్ని చూశాడు. తల్లి పోయాక ఆ పిల్ల అలా నవ్వడం ఆయన చూడలేదు. కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, గొడుగు కోసం వెళ్ళాడు.

ఇలా సాఫీగా నడుస్తున్న కథలోకి ఒక బుధవారం మధ్యాహ్నం నాయనమ్మ వాచీ వచ్చింది.

తండ్రి భోజనానికి వెళ్ళిన వేళ. అతను రుమాలు విప్పి గుండ్రటి స్టాప్‌వాచ్ ఒకటి ఆమె ముందు పెట్టాడు. గాజు మీద గీతలు. పెద్ద ముల్లు నలభై ఎనిమిది దాటి కొంచెం అవతల ఉంది. లోపలి చిన్న ముల్లు ఒకటి దాటి ఉంది.

"ఒక నిమిషం నలభై ఎనిమిది సెకన్లు, ఆ పైన సెకనులో ఐదింట రెండు వంతులు," అన్నాడు గొంతు తగ్గించి. "మా తాతయ్య రికార్డు. ఆ రన్‌వే పందేల్లో టైము తీసేవాళ్ళు ముగ్గురు. అందులో మా నాయనమ్మ ఒకావిడ. అప్పటికి పెళ్ళి కాలేదు లెండి. తాతయ్య మెకానిక్కు, డ్రైవరూ ఆయనే. మిగతా ఇద్దరి వాచీల్లో ఒక నిమిషం యాభై ఒక్క సెకన్లు వచ్చింది, నాయనమ్మ వాచీలో ఇది. వాళ్ళు ఇద్దరున్నారని వాళ్ళ టైమే రాసేశారు. తాతయ్య ఊరుకుంటాడా? 'ఆ రన్‌వే మొత్తం మీద నన్ను సరిగ్గా చూసింది ఈ ఒక్కర్తే' అని మర్నాడే వెళ్ళి పిల్లనడిగాడు."

"అబ్బో!"

"అప్పట్నుంచీ ఆ ముళ్ళు అక్కడే ఉన్నాయి. తాతయ్య పోయి ఎనిమిదేళ్ళయినా ఎవరూ ముట్టుకోలేదు. ఈ ఆదివారం లైబ్రరీ హాల్లో నా ఎగ్జిబిషన్. నాయనమ్మకి సన్మానం కూడా ఉంది. గాజు గీతలు పోగొట్టి మెరుగు పెడితే చాలు. ఒక్కటే మాట. బటన్ మాత్రం నొక్కకండి, పొరపాటున కూడా."

"నొక్కను."

"ప్రామిస్?"

"ప్రామిస్ చేస్తే కానీ వాచీ ఇవ్వరా?"

"ఎందుకివ్వనండీ? ఈ మధ్య మీరేది అడిగినా ఇచ్చేసేలా ఉన్నాను," అన్నాడు. అన్నాక ఆ మాట తనకే వినపడింది. చెవులు ఎర్రబడ్డాయి. ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందని చెప్పి పారిపోయాడు. ఫోను మోగనే లేదు మరి, ఆ కబురు ఎలా అందిందో!

ఆమె నవ్వుకుంటూ కూర్చుంది. ఆ నవ్వే కొంప ముంచింది.

వాచీ పని చేసేవాళ్ళ చేతికి ఒక అలవాటు ఉంటుంది. ఏ వాచీ చేతికొచ్చినా, బుర్ర చెప్పకముందే వేళ్ళు రెండు చుట్లు కీ ఇచ్చేస్తాయి. కీ ఇచ్చి చెవి దగ్గర పెట్టుకుంటేనే దాని సంగతి తెలుస్తుంది. తండ్రికీ అదే అలవాటు, ఆమెకీ అదే. బటన్ నొక్కొద్దన్నాడు, నొక్కలేదు. కీ సంగతి అతనూ చెప్పలేదు, ఆమెకీ తోచలేదు. అతను చెప్పిన చివరి మాటనే తలుచుకుంటూ వాచీ తీసుకుని రెండు చుట్లు తిప్పి చెవి దగ్గర పెట్టుకుంది.

టిక్ టిక్ టిక్ టిక్.

 కిందకి దించి చూసేసరికి పెద్ద ముల్లు హాయిగా నలభై ఎనిమిదిని వదిలి యాభై రెండు, యాభై మూడు దాటుతోంది. చటుక్కున బటన్ నొక్కి ఆపింది. ఒకటి యాభై ఆరు.

"అయ్యో, అయ్యో, అయ్యో!"

అరవై ఏళ్ళు! ఇంటిల్లిపాదీ కాపాడుకున్నదాన్ని రెండు చుట్లలో పాడుచేసింది.  ఆ కంగారులోనే రెండో సంగతి తట్టింది. అది ఇంకా ఘోరం.

బటన్ నొక్కి ఆపిన స్టాప్‌వాచ్ కీ ఇస్తే నడవదు. ఎన్ని చుట్లు తిప్పినా, మళ్ళీ బటన్ నొక్కేదాకా కదలదు. ఇది కదిలింది. అంటే దీన్ని ఎవరూ నొక్కి ఆపలేదు. మొదలుపెట్టి వదిలేస్తే గంటలకొద్దీ తిరిగి, స్ప్రింగులో బలం అయిపోయి, ఎక్కడో ఒకచోట ఊరికే ఆగిపోయింది. ఆ టైము ఏ కారుదీ కాదు.

ఏం చెయ్యాలో తెలియక, చేతనైన పని చేసింది. ముళ్ళని సున్నాకి తెచ్చి, మళ్ళీ నడిపి, ఊపిరి బిగబట్టి నలభై ఎనిమిది దాటిన రెండో గీత మీద ఆపింది. మూడోసారికి సరిగ్గా కుదిరింది. గాజు మార్చింది, మెరుగు పెట్టింది. ఇప్పుడు ఈ ప్రపంచంలో ఎవరొచ్చి చూసినా తేడా కనిపెట్టలేరు. రుమాల్లో చుట్టి పెట్టేస్తే అయిపోతుంది.

గురువారమంతా ఆ రుమాలు వైపు చూడకుండా పనిచేసింది. తండ్రి "ఏమ్మా, ఒంట్లో బాలేదా?" అంటే తలనొప్పంది. ఆయనకి చెప్పడానికి సిగ్గేసింది. పని నేర్పిన మనిషికి ఇలాంటివి చెప్పడమంత కష్టం ఇంకోటి లేదు. అతనికి చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. సన్మానం జరుగుతుంది, అందరూ చప్పట్లు కొడతారు, అతను శనివారం శనివారం వస్తూనే ఉంటాడు. వచ్చిన ప్రతిసారీ ఆమె మాత్రం అతని కళ్ళలోకి చూడలేకపోతుంది. అలా కళ్ళలోకి చూడలేని మనిషితో రేపు ఎలా బతకను అనుకుంది.

శుక్రవారం పొద్దున్నే రుమాలు సంచిలో పెట్టుకుని, అతను పనిచేస్తున్న అపార్టుమెంటుకి వెళ్ళింది. కింద లిఫ్టు తలుపు తెరిచి ఉంది. 'మరమ్మతులో ఉంది' అని అట్టముక్క వేలాడుతోంది. అతను లిఫ్టు కింద గుంటలోంచి సగం పైకి లేచి ఆమెని చూసి వెలిగిపోయాడు.

"మీరొచ్చారేంటి? నేనే వద్దును కదా! మంచిదే, మీతో ఒక మాట చెప్పాలని..."

"ముందు నన్ను చెప్పనివ్వండి. విన్నాక మీ మాట మీకు చెప్పాలనిపించదేమో."

చెప్పింది. ఒక్కటి కూడా దాచకుండా చెప్పింది. అతని మొహంలో వెలుగు ఒక్కో మాటకీ కొంచెం కొంచెం తగ్గింది.

"నొక్కొద్దన్నాను కదండీ."

"నొక్కలేదు. కీ ఇచ్చాను."

"కీ ఇస్తే నడవడమేంటి? ఆపి ఉన్న వాచీ..." అంటూ ఆగిపోయాడు. నలభై ఒక్క పరికరాలు పోగుచేసినవాడు, ఆ మాత్రం తెలియనివాడు కాదు. "అంటే మా నాయనమ్మ ఆపలేదంటారు."

"అవునండీ."

"అరవై ఏళ్ళుగా మా అందరికీ అబద్ధం చెప్తోందంటారు."

"నేనలా అనలేదు."

"ఇంకెలా అంటారు? చెయ్యి జారి నొక్కేశానంటే నేను కిక్కురుమనేవాణ్ణి కాదు. మీ పొరపాటు కప్పిపుచ్చుకోడానికి ఎనభై నాలుగేళ్ళ ముసలావిడ మీదకి తోస్తారా?"

ఆమెకి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. "కప్పిపుచ్చుకోవాలంటే ఇక్కడిదాకా వచ్చేదాన్నే కాదు. ముళ్ళు ఎక్కడున్నాయో చూడండి. నేను నోరు విప్పకపోతే మీకు ఈ జన్మలో తెలిసేది కాదు."

అతను వాచీ చూశాడు.  "ఎల్లుండి ఆవిడకి సన్మానం. దయచేసి ఈ మాట ఇంకెవరితోనూ అనకండి," అని వాచీతోనే గుంటలోకి దిగిపోయాడు.

కూరల సంచీతో వచ్చిన ఒక పెద్దావిడ ఆమెనే కంపెనీ మనిషి అనుకుంది. "ఏమ్మా, ఇదెప్పటికి బాగవుతుందీ?"

"తెలీదండీ," అంది ఆమె, ముక్కు తుడుచుకుంటూ.

శనివారం అతను రాలేదు. మధ్యాహ్నం మూడైంది, నాలుగైంది. తండ్రి గోడ గడియారం వైపూ కూతురి వైపూ మార్చి మార్చి చూసి, "సెకన్ల అబ్బాయి ఇవాళ గంటల్లోకి దిగాడేం?" అన్నాడు. ఆమె ఒక గోడగడియారం పళ్ళచక్రాన్ని మూడోసారి తుడిచింది.

నాలుగున్నరకి షాపు ముందు కారు ఆగింది. ముందు ఒక చేతికర్ర దిగింది. దాని వెనకే సన్నగా, నిటారుగా, తెల్లటి జుట్టుతో ఒక పెద్దావిడ దిగింది. ఆ వెనక అతను, తల దించుకుని.  అయిపోయింది, అందరి ముందూ కడిగేస్తుంది అనుకుంది ఆమె.

"నువ్వేనా ఆ పిల్లవి?" అంది పెద్దావిడ గుమ్మంలోంచే.

"నేనేనండీ."

"నేను బటన్ నొక్కలేదన్నావట."

"నాయనమ్మా, నేను చెప్తాను..." అన్నాడతను.

"నువ్వు నోర్మూసుకో. నిన్న మధ్యాహ్నం నుంచి మొహం గంటు పెట్టుకుని తిరుగుతుంటే, ఇందాక నాలుగు తిట్టాక కానీ సంగతి కక్కలేదు. నువ్వు చెప్పమ్మా. ఎలా తెలిసింది?"

ఆమె చెప్పింది. అతను తెచ్చిన వాచీని బల్ల మీద పెట్టి, మాట తడబడకుండా చెప్పింది. పెద్దావిడ కర్ర మీద రెండు చేతులూ ఆనించి అంతా వింది. విని, కుర్చీ లాక్కుని కూర్చుని, ఇంత పొడుగున ఊపిరి వదిలింది.

"హమ్మయ్య! అరవై ఏళ్ళకి ఒక్కరికైనా తెలిసింది."

అతను గోడకి జారగిలబడ్డాడు.

"నిజంగానే నొక్కలేదురా! బయలుదేరినప్పుడు నొక్కాను. ఆ చివర్న తిరిగి దుమ్ములోంచి వస్తున్నాడు మీ తాత. గీత దాటేముందు కళ్ళద్దాలు పైకి తోసుకుని మా వైపు చూశాడు. మొహమంతా మసి, పళ్ళొక్కటే తెలుపు. అంతే! ఆ మొహం చూస్తూ ఉండిపోయాను. బటన్ సంగతి గుర్తొచ్చేసరికి ఆయన కారు దిగి మంచినీళ్ళు తాగుతున్నాడు. టైములు రాసుకునే మా పెద్దాయన టైమెంతమ్మా అంటే, తర్వాత చెప్తానని వాచీ సంచిలో పడేశాను. సిగ్గుతో చచ్చిపోయాననుకో. పొద్దున్న చూస్తే అక్కడ ఆగి ఉంది. అంతలో ఈయన గుమ్మంలో ప్రత్యక్షం! 'మీ వాచీలో నాకెంత వచ్చిందండీ' అని. నాకు నోరు పెగల్లేదు. వాచీ చేతిలో పెట్టేశాను."

"మరి తాతయ్య అడిగినప్పుడైనా..."

"ఎప్పుడడిగాడు? చూసి ఎగిరి గంతేశాడు. సాయంత్రానికి పెద్దవాళ్ళని తీసుకొచ్చాడు. నన్ను సరిగ్గా చూసిన మనిషివి నువ్వొక్కతివే అంటుంటే, 'కాదండీ, నొక్కడం మర్చిపోయాను' అని ఎలా చెప్పను? ఇవాళ చెప్తాను, రేపు చెప్తాననుకుంటూనే ఆయన్ని పంపించేశాను. ఆ అబద్ధం మీద కాపురం చేశానన్న దిగులు ఈ గుండెల్లో అలాగే ఉంది. రేపు సన్మానమంటే రెండు రాత్రులు నిద్ర పట్టలేదు." ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది. "పాపం, మోసపోయే వెళ్ళిపోయాడు."

 అప్పటిదాకా కౌంటరు వెనక నుంచుని ఆ వాచీనే కళ్ళు చికిలించి చూస్తున్న తండ్రి నెమ్మదిగా ఇవతలికి వచ్చాడు.

"అమ్మడూ, దాని వెనక మూత తియ్యి."

"నాన్నా?"

"తియ్యమ్మా. మూత లోపలివైపు చూడు."

ఆమె మూత తీసింది. వాచీ బాగుచేసినవాళ్ళు మూత లోపల కంటికి ఆననంత చిన్నగా గుర్తు గీస్తారు, తమ గుర్తూ సంవత్సరమూ. అది చూసేది తర్వాత ఎప్పుడో దాన్ని తెరిచే మరో పనివాడే. భూతద్దం పెట్టుకుని చూసింది. చిన్న త్రికోణం, పక్కన సంవత్సరం. ఆ త్రికోణం ఈ షాపుది. సంవత్సరం నలభై ఏళ్ళ కిందటిది.

"నాన్నా, ఇది నీ గుర్తు!"

"అప్పుడు నాకు పాతికేళ్ళు. ఒకాయన చెమటలు కక్కుకుంటూ వచ్చాడు," అన్నాడు తండ్రి, పెద్దావిడ వైపు తిరిగి. "దుమ్ము తుడుస్తూ ఊరికే నాలుగు చుట్లు కీ ఇచ్చాడట, ముల్లు కదిలిపోయిందట. 'మా ఆవిడ పుట్టింటి నుంచి రేపు వస్తుంది బాబూ, ఆవిడకి తెలియకూడదు, ఉన్నచోటే పెట్టు' అన్నాడు. నేనప్పుడు కుర్రతనం కొద్దీ నోరు జారాను. 'దీన్నసలు ఎవరూ ఆపలేదండీ, ఇది రికార్డు కాదు' అనేశాను."

"ఆయనతోనా?" అంది పెద్దావిడ. కర్ర చేతిలోంచి జారింది. మనవడు పట్టుకున్నాడు.

"ఆయన మెకానిక్కు కదండీ, ముల్లు కదిలినప్పుడే అర్థమైపోయినట్టుంది. అక్కడే, ఆ మెట్టు మీద కూర్చున్నాడు. ఏడుస్తాడేమోనని నేను భయపడ్డాను. నవ్వడం మొదలుపెట్టాడు. 'ఇరవై ఏళ్ళుగా మూడు సెకన్ల కోసం ఊరందరితో పోట్లాడాను బాబూ. రికార్డులు ఎవడైనా కొడతాడు. టైము తీసే మనిషి నొక్కడం మర్చిపోయేలా నడిపినవాణ్ణి నేనొక్కణ్ణే' అన్నాడు. సరిగ్గా అక్కడే ముల్లు ఉంచి, స్ప్రింగు బలం తీసేసి ఇచ్చాను. ఆవిడకి ఎప్పటికీ చెప్పొద్దని చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. తను తెలుసుకున్నాడని తెలిస్తే ఆవిడ సిగ్గుపడుతుందట. ఇన్నాళ్ళూ మాట మీద ఉన్నాను. మోసపోయి వెళ్ళాడని మీరు కంటతడి పెట్టుకుంటుంటే ఇంకా ఊరుకోవడం తప్పనిపించింది."

 పెద్దావిడ మెల్లిగా, తనలో తను అన్నట్టు, "అందుకేనా! ఆ ఏడు నుంచీ ఎవరితోనూ ఆ మూడు సెకన్ల గొడవ పెట్టుకోలేదు. ఆ వాచీ వైపు చూసి తనలో తను నవ్వుకునేవాడు. ఏమిటండీ అంటే ఏమీ లేదనేవాడు," అంది.

ఆవిడ నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది. ఆమె చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. "నువ్వు నోరు విప్పకపోతే నేనిది తెలియకుండానే పోయేదాన్ని తల్లీ. బంగారుతల్లివి."

 ఆమె పెద్దావిడ భుజం మీద తల పెట్టి తనూ ఏడ్చేసింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేం!

తండ్రి టీ తెప్పించాడు. టీ వచ్చేలోపు అతను ఆమెని కళ్ళతోనే బయటికి పిలిచాడు. సన్నగా తుంపర పడుతోంది. షాపు చూరు కింద ఇద్దరూ గోడకి ఆనుకుని నుంచున్నారు.

"నన్ను తిట్టండి," అన్నాడు.

"ఓపిక లేదు. రేపు తిడతాను."

"మీరు కష్టపడి నిజం చెప్పడానికి వస్తే, అంతమాట అన్నాను. నా అంత మూర్ఖుడు ఉండడు."

"ఉంటారు లెండి, వెతికితే."

అతనికి కొంచెం ధైర్యం వచ్చింది. "నిన్న లిఫ్టు దగ్గర ఒక మాట చెప్పబోయాను."

"ఊఁ."

"నాకు మీరంటే ఇష్టం. చాలా ఇష్టం. శనివారం కోసం మిగతా ఆరురోజులూ ఎలాగోలా గడుపుతున్నాను. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

ఆమె చూరు మీంచి జారుతున్న నీళ్ళ వైపు చూసింది. అతని చెవులు మళ్ళీ ఎర్రబడుతున్నాయి. ఇంకాసేపు అలా ఉంచుదామనుకుంది కానీ, తనవల్లే కాలేదు.

"ఇష్టం లేకపోతే వాచీ సంగతి చెప్పడానికి నాకంత భయం ఎందుకేస్తుంది? చేసుకుంటాను. కానీ ఇంకెప్పుడూ నేను చెప్పింది వినకుండా గుంటలోకి దిగిపోకూడదు."

"దిగను."

లోపల్నుంచి పెద్దావిడ గొంతు వినపడింది. "ఏరా, అడిగావా లేదా? మీ తాత ఒక్క పూటలో అడిగాడు!"

"అడిగాను నాయనమ్మా!"

"ఒప్పుకుందా?"

"ఒప్పుకున్నానండీ," అంది ఆమె.

"అయితే లోపలికి రండి, టీ చల్లారిపోతోంది. వాళ్ళ నాన్నతో నేను మాట్లాడేశాను!"

ఆదివారం పొద్దున హాలుకి వెళ్ళేముందు, ఆమె ఎగ్జిబిషన్ సామాను సర్దడానికి సాయంగా వాళ్ళింటికి వెళ్ళింది. అతను వాచీ పక్కన పెట్టాల్సిన పాత అట్ట చింపేసి, నాయనమ్మ చెప్పి రాయించిన కొత్త అట్ట చూపించాడు. 'ఈ వాచీ ఏ రికార్డూ కొలవలేదు. టైము తీయాల్సిన మనిషి డ్రైవర్ని చూస్తూ బటన్ నొక్కడం మర్చిపోయింది' అని ఉంది. అడిగినవాళ్ళందరికీ మిగతా కథ తనే చెప్తానందట.

"ఆవిడేరి?"

"తయారవుతోంది. పిలుద్దాం రండి."

ఇద్దరూ లోపలి గది గుమ్మం దాకా వెళ్ళారు. తలుపు ఓరగా వేసి ఉంది. గోడ మీది తాతయ్య ఫోటో ముందు పెద్దావిడ నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది.

"దొంగమొహం! ముప్ఫై ఏళ్ళకి పైగా! తెలిసి తెలిసి, ఏమీ ఎరగనట్టు పక్కనే కూర్చుని కాఫీ తాగారా! నేనిక్కడ చెప్పలేక కుమిలిపోతుంటే, మీరక్కడ నవ్వుకుంటారా? ఒక్కమాట చెప్తే నోటి ముత్యాలు రాలిపోతాయా?" అంది. అంతలో గొంతు మారింది. "మొహమంతా మసేనండీ ఆ రోజు. ఎంత బాగున్నారో!"

అతను లోపలికి అడుగు వేయబోయాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని ఆపింది. ఎగ్జిబిషన్ పదింటికి మొదలవ్వాలి, అప్పటికే పది దాటింది. అయినా ఆ చెయ్యి వదలకుండా, ఆవిడ మాటలు పూర్తయ్యేదాకా ఇద్దరూ బయటే నుంచున్నారు.